ట్రైబాలజీ అంటే మన గురించి అనుకున్నాం

ఇది కొంచెం పెద్ద పోస్టు. మొదట్లో ఫిజిక్సు పాఠంలా అనిపిస్తుంది. కానీ డిపో దగ్గర వేలిముద్ర పడక మన అవ్వలు, తాతలు ఎందుకు వెనక్కి వస్తున్నారో కూడా ఇందులోనే ఉంది. అందుకని ఓపిగ్గా చదవమని అడుగుతున్నాం.

మేము నలుగురం. మారేడుమిల్లి, అడ్డతీగల, రాజవొమ్మంగి వైపు నుంచి వచ్చి మండపేటలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నాం. ఇద్దరం డిప్లొమా మెకానికల్, ఒకడు ఐటీఐ, ఒకడు డిగ్రీ. ఇద్దరం కొండరెడ్లం, ఒకడు కోయ, ఒకడు కొండదొర. వంట వంతులవారీగా, చదువు ఎవరి టైం వాళ్ళది.

రెండేళ్ళ కిందట క్లాసులో మిషన్ల అరుగుదల గురించి చెప్తూ సారు బోర్డు మీద "ట్రైబాలజీ" అని రాశారు. వెనక బెంచీ నుంచి ఎవడో "ఒరేయ్, మీ సబ్జెక్టు వచ్చిందిరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మా ఇద్దరికీ ఎటు చూడాలో తెలీలేదు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మేమూ అలాగే అనుకున్నాం, గిరిజనుల పాఠం మెకానికల్ వాళ్ళకెందుకు పెట్టారా అని. సారు నవ్వలేదు. ఆ మాట గ్రీకులో "ట్రైబోస్" నుంచి వచ్చిందనీ, దానర్థం రుద్దడం, రాపిడి అనీ, 1966లో బ్రిటన్‌లో వచ్చిన ఒక ప్రభుత్వ నివేదికతో ఆ పేరు వాడుకలోకి వచ్చిందనీ చెప్పారు. మనల్ని పిలిచే ఇంగ్లీషు మాటకి మూలం లాటిన్లో వేరే ఉందట. అంతే చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి రూంలో అన్నం తింటూ చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు. తర్వాత మాలో ఒకడు అన్నాడు, "మన సబ్జెక్టే అన్నారుగా, అయితే మనమే బాగా చదువుదాం" అని. అలా మొదలైంది ఇదంతా.

మొదటి సంవత్సరం అందరం బట్టీ పట్టిన సూత్రం ఒకటుంది. ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదు, పైనున్న బరువు మీద ఆధారపడుతుంది. రెండు మార్కుల ప్రశ్న. ఇటుకని పడుకోబెట్టి లాగినా, అంచు మీద నిలబెట్టి లాగినా ఒకే బలం కావాలన్నమాట. దీన్ని మా రాజవొమ్మంగి వాడు నమ్మలేదు. వెదురు బొంగుల మోపులు ఈడ్చుకొచ్చిన అనుభవం వాడిది. "ఎక్కువ జాగా నేలకి తగిలితే ఎక్కువ పట్టేస్తది కదరా" అన్నాడు. సరే చూద్దామని, కూరగాయలు తూచే స్ప్రింగు కాటా ఒకటి సంపాదించి, ఇటుకకి తాడు కట్టి, ఇంటి ముందు గచ్చు మీద లాగాం. పడుకోబెట్టి లాగితే ముల్లు ఎక్కడ ఆగిందో, నిలబెట్టి లాగినా దాదాపు అక్కడే ఆగింది. ఇంటి ఓనరు గారు అరుగు మీద నుంచి చూసి "ఏంటి బాబూ, ఇటుకని షికారు తిప్పుతున్నారా" అన్నారు.

సూత్రం నిజమే అని తేలింది. ఎందుకు నిజమో మాత్రం మా పుస్తకంలో లేదు.

వెతికితే తెలిసిందేంటంటే, ఈ సంగతి లియొనార్డో డావిన్సీ ఐదొందల ఏళ్ళ కిందే తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు గానీ అచ్చు వెయ్యలేదు. 1699లో పారిస్‌లో అమొంటాన్ అనే ఆయన మళ్ళీ కనిపెట్టి అక్కడి సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. బరువు సంగతి ఒప్పుకున్నారు గానీ వైశాల్యంతో పనిలేదంటే వాళ్ళకి నమ్మబుద్ధి కాలేదు. మా వెదురు బొంగుల వాడికి ఇది చదివి వినిపిస్తే తెగ సంతోషపడ్డాడు. పారిస్ పండితులకీ వాడికీ వచ్చిన అనుమానం ఒకటే కదా.

అసలు జవాబు రావడానికి ఇంకో రెండొందల ఏళ్ళకి పైగా పట్టింది. 1930ల చివర్లో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు దీన్ని పట్టుకున్నారు. వాళ్ళు చెప్పింది మన భాషలో ఇలా ఉంటుంది. ఎంత నున్నగా సానబట్టిన ఇనుమైనా దగ్గరగా చూస్తే కొండలూ లోయలే. ఒక పలకని ఇంకో పలక మీద పెట్టడమంటే పాపికొండల్ని పెళ్ళగించి, తలకిందులుగా తిప్పి మారేడుమిల్లి కొండల మీద బోర్లించినట్టు. (బౌడెన్ వాళ్ళ వైపున్న ఆల్ప్స్ కొండలతో ఇలాంటి పోలికే చెప్పాడు. మాకు తెలిసిన కొండలు మేము పెట్టుకున్నాం.) అప్పుడు ఏ శిఖరానికి ఏ శిఖరం తగులుతుంది? ఎక్కడో నాలుగు చోట్ల, అంతే. మిగతాదంతా మధ్యలో ఖాళీ, గాలి. మన కంటికి తాకినట్టు కనిపించే వైశాల్యం వేరు, నిజంగా తాకే వైశాల్యం వేరు.

మిల్లు కళ్ళంలో ఆరబోసిన ధాన్యం మీద ఒక చెక్క పెట్టినట్టు ఊహించుకోండి. చెక్క మొత్తం గింజల మీద ఆనినట్టే కనపడుతుంది. నిజానికి పైకి పొడుచుకుని ఉన్న కొన్ని గింజలే దాన్ని మోస్తుంటాయి. చెక్క మీద ఒకడు కూర్చుంటే ఇంకొన్ని గింజలు ఆనతాయి, ఇద్దరు కూర్చుంటే ఇంకొన్ని. బరువు రెట్టింపయితే మోసే గింజలు రెట్టింపు. ఇనుములోనూ అంతే. తాకిన శిఖరం కొస మీద ఒత్తిడి ఎంతుంటుందంటే అది నలిగి చదునవుతుంది. బరువుని మోయగలిగినంత జాగా దొరికేదాకా నలుగుతూనే ఉంటుంది, దొరగ్గానే ఆగిపోతుంది.

దీన్ని లెక్క కట్టొచ్చు. మెత్తటి ఉక్కు చదరపు మిల్లీమీటరుకి ఇంచుమించు 100 కిలోల దగ్గర నలుగుతుంది. 4 సెంటీమీటర్లు పొడుగు, 5 సెంటీమీటర్లు వెడల్పున్న ఉక్కు దిమ్మె ఒకటి ఉక్కు బల్ల మీద పెట్టి, దాని మీద 50 కిలోల బియ్యం బస్తా ఎత్తామనుకోండి. ఆ బస్తాని మోయడానికి కావలసింది అర చదరపు మిల్లీమీటరు. దిమ్మె అడుగు 2000 చదరపు మిల్లీమీటర్లు. అంటే నాలుగు వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే నిజంగా తాకుతోంది. బస్తా బియ్యం బరువంతా, కలిపి చూస్తే, ఆవగింజంత జాగా మీద కూడా లేదు. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు ఎక్కడో సున్నా తప్పు వేశామనుకుని మూడుసార్లు చేశాం.

ఇటుక సంగతి ఇక్కడే తేలిపోతుంది. పడుకోబెట్టినా నిలబెట్టినా బరువు అదే కాబట్టి నిజంగా తాకే జాగా మొత్తం అంతే. దాన్ని తెంపడానికి కావలసిన బలమూ అంతే. అకాడమీ వాళ్ళ అనుమానం కూడా పూర్తిగా తప్పు కాదు. ఘర్షణకి వైశాల్యంతో సంబంధం ఉంది, కాకపోతే కంటికి కనపడే వైశాల్యంతో కాదు.

ఇక మిల్లు సంగతి. మండపేట గురించి తెలియని వాళ్ళకి చెప్తున్నాం, ఇక్కడ ఎటు చూసినా రైసుమిల్లులే. మాలో ఇద్దరం సెలవుల్లో ఒక మిల్లులో పనికి వెళ్ళేవాళ్ళం, రూం అద్దెకి పనికొస్తుందని. అక్కడ షెల్లర్ అనే మిషన్ ఉంటుంది. ధాన్యం మీద ఊక ఊడగొట్టేది అదే. లోపల రెండు రబ్బరు రోళ్ళు ఎదురెదురుగా తిరుగుతాయి. వాటి మధ్య సందు గింజ మందం కంటే కొంచెం తక్కువ. ఒక రోలు రెండోదానికన్నా దాదాపు నాలుగో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మధ్యలో ఇరుక్కున్న గింజని ఒకటి ముందుకి లాగుతుంది, ఇంకోటి వెనక్కి పట్టి ఉంచుతుంది. ఊక చీలి ఊడిపోతుంది, లోపలి బియ్యం విరక్కుండా బయటికొస్తుంది. మొత్తం పనంతా ఘర్షణే. నూనె పడితే షెల్లర్ ఆగినట్టే.

ఒకరోజు ఊక సగం కూడా ఊడటం లేదు. మేస్త్రీ గారు మిషన్ ఆపించి రోలు మీద బొటనవేలి గోరుతో నొక్కి చూశారు. "రోలు వేడెక్కి గట్టిపడిపోయిందండీ, అద్దంలా మెరిసిపోతోంది చూడండి, గింజ జారిపోతోంది" అని ఓనరు గారికి చెప్పారు. రబ్బరు మెత్తగా ఉంటే గింజ మీదున్న గరుకులన్నిట్లోకీ ఒదిగి కూర్చుంటుంది, నిజంగా తాకే జాగా ఎక్కువ ఉంటుంది. గట్టిపడితే కొసల మీదే తగులుతుంది. చూడ్డానికి గింజ అంతే, రోలు అంతే, సందు అంతే. లోపల తాకే జాగా తగ్గిపోయింది. మేస్త్రీ గారు చదువుకున్నది ఐదో తరగతి. గోటితో ఆయన చూసింది బౌడెన్, టేబర్ చెప్పిందే. వేగంగా తిరిగే రోలు ముందు అరిగిపోతుందని దాన్ని తీసి నెమ్మదిగా తిరిగే దాని చోట, దీన్ని తీసి దాని చోట మార్చి వాడటం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

మన ఊళ్ళలోనూ ఇది తెలియనిదేం కాదు. గొడ్డలి పట్టే ముందు తాత అరచేతిలో ఉమ్ముకుని రుద్దుకుంటాడు. చిన్నప్పుడు అసహ్యంగా అనిపించేది. చర్మం కాస్త తడిస్తే మెత్తబడి కర్రకి ఎక్కువ ఆనుకుంటుంది, పట్టు జారదు. మరీ ఎక్కువ తడైతే మళ్ళీ జారుతుంది. ఆ కొలత తాతకి తెలుసు.

అసలు చిక్కు ఎక్కడంటే, నిజంగా తాకే జాగాని కొలవడం ఎలా? రెండు ఇనప ముక్కల మధ్య ఏం జరుగుతోందో చూడాలంటే విడదియ్యాలి. విడదీస్తే తాకడం ఉండదు. బౌడెన్, టేబర్ 1939లో వేసిన ఎత్తు కరెంటు. లోహం నుంచి లోహానికి కరెంటు తాకిన చోటే దాటుతుంది. ఎంత కష్టంగా దాటుతోందో కొలిస్తే తాకే జాగా ఎంతో అంచనా కట్టొచ్చు. అలా కొలిచే, అది చాలా చాలా తక్కువని, బరువుతో పాటు పెరుగుతుందని చూపించారు. కానీ ఇందులో లోటుంది. ఎన్ని చోట్ల తాకుతోందో, ఎక్కడెక్కడ తాకుతోందో కరెంటు చెప్పదు. పైగా లోహం మీద తుప్పు పొర ఉంటే లెక్క తప్పుతుంది.

తర్వాత వచ్చినవాళ్ళు వెలుతురుని పట్టుకున్నారు. అవతలికి కనిపించే గాజు, ప్లాస్టిక్కు లాంటివి తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురు పంపించారు. తాకిన చోట వెలుతురు నేరుగా దాటిపోతుంది, గాలి ఉన్న చోట చెదిరిపోతుంది. 1994లో అమెరికాలో డీటరిచ్, కిల్గోర్ అనే ఇద్దరు ఇలాగే మైక్రోస్కోపుతో తాకే చుక్కల్ని నేరుగా చూశారు. రెండు పలకల్ని కదపకుండా వదిలేస్తే ఆ చుక్కలు నెమ్మదిగా పెద్దవవుతాయని కనపడింది. ముందు గబగబా, తర్వాత ఇంకా ఇంకా నెమ్మదిగా. చాలాకాలం ఒకేచోట ఉన్న బీరువాని మొదటిసారి కదపడం ఎందుకంత కష్టమో దీంతో కొంత అర్థమవుతుంది. ఎక్కువసేపు ఆగితే ఎక్కువ పట్టేస్తుందని కూలుంబ్ 1780ల్లోనే కొలిచాడు గానీ కారణం కంటితో చూసింది వీళ్ళు.

డీటరిచ్ భూకంపాలు చదివే మనిషి. భూమి లోపల రాతి పలకలు ఏళ్ళ తరబడి పట్టుకుని ఉండి ఒక్కసారి జారడమే భూకంపం కాబట్టి ఆయనకి ఈ గొడవ కావలసి వచ్చింది. 1969లో భద్రాచలం దగ్గర భూమి కదిలిన సంగతి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. 2024 డిసెంబరు 4 పొద్దున్న ములుగులో వచ్చింది మనందరికీ గుర్తే. ఆ తర్వాత 2004లో జెరూసలేంలో ఫైన్‌బర్గ్ బృందం ప్లాస్టిక్ దిమ్మెల మధ్య లేజర్ వెలుతురు పంపి, చాలా వేగంగా ఫొటోలు తీసి ఇంకో విషయం చూపించింది. దిమ్మె జారడం మొదలవక ముందే, తాకే జాగా ఒక చివర నుంచి అలలాగా విడిపోతూ పోతుంది. ఆ అల ఈ చివర నుంచి ఆ చివరకి దాటాకే దిమ్మె కదులుతుంది. మేము ఇది చదివినప్పుడు చాపని ఒక కొస పట్టుకుని ఎత్తినట్టు ఊహించుకున్నాం.

ఇప్పటిదాకా చెప్పింది పరీక్షకి పనికొస్తుంది. మేము ఈ పోస్టు రాయడానికి కారణం మాత్రం ఒక గాజు గ్లాసు.

కలువపువ్వు సెంటర్లో టీ తాగడానికి వెళ్ళినప్పుడు గాజు గ్లాసులో మంచినీళ్ళు పెట్టారు. మాలో ఒకడు గ్లాసు పట్టుకుని పైనుంచి నీళ్ళలోకి తొంగి చూసి "ఒరేయ్ ఇటు చూడండి" అని అరిచాడు. పైనుంచి ఏటవాలుగా చూస్తే గ్లాసు గోడ లోపల వెండిలా మెరుస్తుంది. గ్లాసు బయట వేలు ఆన్చిన చోట మాత్రం ఆ మెరుపు పోయి, వేలి గీతలు ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టు కనపడతాయి. కారణం మేము అప్పటికి చదివే ఉన్నాం. గ్లాసు గోడకి లోపలి నుంచి ఏటవాలుగా తగిలిన వెలుతురు బయట గాలి ఉంటే దాటలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. చర్మం నిజంగా తాకిన చోట మాత్రం దాటిపోతుంది. వేలి మీద గట్లు తాకుతాయి, గట్ల మధ్య కాలవలు తాకవు. అందుకే గీతలు. గట్టిగా నొక్కితే గీతలు లావవుతాయి, వదులు చేస్తే సన్నబడతాయి. రెండు పలకల మధ్య నిజంగా తాకే జాగా ఎలా ఉంటుందో మా కళ్ళ ముందు, ఒక మంచినీళ్ళ గ్లాసులో ఉంది.

రూంకి వచ్చాక తెలిసింది, వేలిముద్ర తీసుకునే మిషన్లలో వెలుతురుతో పనిచేసే రకం చాలావరకు చేసేది ఇదే. లోపల ఒక గాజు పట్టకం, కింద నుంచి వెలుతురు, ఒక చిన్న కెమెరా. వేలు తాకిన చోట నలుపు, తాకని చోట తెలుపు. అంటే ఆ మిషను వేలిని చూడటం లేదు. వేలు గాజుని ఎక్కడెక్కడ తాకిందో దాని పటం గీస్తోంది, అంతే.

ఆ నిమిషంలో మాలో ఒకడికి వాళ్ళ అవ్వ గుర్తొచ్చింది. ఆవిడ సంగతి మా అందరికీ తెలుసు. మూడు నెలలకోసారైనా డిపో దగ్గర వేలు పడక బియ్యం లేకుండా తిరిగొస్తుంది. ఇంట్లో కార్డు మీద ఆవిడ, తాత, ఇద్దరే. తాతకి నడవడం కష్టం. డిపో మూడు కిలోమీటర్లు, మధ్యలో వాగు. వేలు పెడుతుంది, మిషను వద్దంటుంది. ఇంకో వేలు పెడుతుంది, మళ్ళీ వద్దంటుంది. "సరిగ్గా పెట్టవే ముసలీ" అంటాడు అక్కడున్న అతను. ఆవిడ సిగ్గుపడిపోయి, తప్పు తనదే అన్నట్టు చెయ్యి చీరకి తుడుచుకుంటుంది. ఆ తుడుచుకోవడంతో వేలి మీద ఉన్న కాస్త తడి కూడా పోతుంది. ఇది మాకు గ్లాసులో చూశాకే అర్థమైంది.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు గాజు గ్లాసు ఒకటి బట్టల్లో చుట్టుకుని పట్టుకెళ్ళాం. రాజమండ్రిలో బస్సు మారి, గోకవరం మీదుగా, రంపచోడవరం దాటి ఊరు చేరేసరికి రాత్రయింది. పొద్దున్నే అవ్వ చేతికి గ్లాసు ఇచ్చి నీళ్ళు పోసి పైనుంచి చూడమన్నాం. ముందు మా వేళ్ళు చూపించాం, గీతలు చక్కగా ఉన్నాయి. ఆవిడ బొటనవేలు ఆన్చింది. గీతలు లేవు. అక్కడక్కడా చుక్కలు, మధ్యలో రెండు తెల్లటి చారలు, పాత గాట్లవి. ఆవిడ చాలాసేపు చూసి, "నా గీతలేయిరా?" అంది.

మాకెవరికీ వెంటనే మాట రాలేదు. ఆవిడ డెబ్బై ఏళ్ళు వెదురు చీల్చి బుట్టలల్లింది, అడ్డాకులు కుట్టింది, చింతపండు కొట్టింది, పోడులో రాళ్ళు ఏరింది. ఒకదాన్ని ఇంకోటి రుద్దితే మెత్తనిది అరుగుతుందని మా పుస్తకంలో ఉంది. వెదురుకీ వేలికీ మధ్య మెత్తనిది వేలే.

తర్వాత పని మొదలుపెట్టాం. పది వేళ్ళూ ఒక్కొక్కటే గ్లాసుకి ఆన్చి చూశాం. కుడి చెయ్యి మొత్తం పాడైంది, కత్తి పట్టేది ఆ చెయ్యే. ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం బాగున్నాయి, గీతలున్నాయి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి ఆ వేళ్ళని ఐదు నిమిషాలు చుట్టి ఉంచాం. తీసి, పైపైన అద్ది, గ్లాసుకి పెడితే చుక్కలున్న చోట్ల కొన్ని కలిసి గీతలయ్యాయి. ఇంకోటి కూడా గమనించాం. వేలు పెట్టగానే కనపడే దానికంటే, కదపకుండా పదిహేను ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచితే గీత నల్లబడుతుంది. దీని గురించి 2017లో ఒక పరిశోధన వచ్చింది. గాజు మీద వేలు ఆన్చి ఉంచితే చెమట ఆవిరి బయటికి పోయే దారి లేక, గట్ల మీది చర్మం దాని తడికే మెత్తబడి, తాకే జాగా సెకన్లు గడిచేకొద్దీ పెరుగుతుందట. పెన్నులకి రబ్బరు పట్టు ఎందుకు బాగుంటుందో తేల్చడానికి చేసిన పని అది. మాకు బియ్యానికి పనికొచ్చింది.

అవ్వతో పాటు డిపోకి వెళ్ళాం. అక్కడున్న అతనికి మొదట మేము గొడవకి వచ్చామనిపించింది. "అన్నా, గొడవేం లేదు, ఒక్కసారి గాజు తుడవనివ్వండి" అన్నాం. మిషను గాజు మీద అంతకు ముందు పెట్టినవాళ్ళ జిడ్డు పొరలు పొరలుగా ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచాం. అవ్వ ఎడమ చేతి ఉంగరం వేలు పెట్టింది. మొదటిసారి పడలేదు. "తియ్యకవ్వా, ఉంచు, గట్టిగా నొక్కకు, ఊరకే ఆన్చి ఉంచు" అన్నాం. రెండోసారి పడింది. మిషను నుంచి కాగితం వచ్చింది. అవ్వ దాన్ని మడిచి రొంటిన దోపుకుంది, బియ్యం కంటే ముందు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ తర్వాత రెండు నెలలు పడింది, చింతపండు కొట్టే రోజుల్లో మళ్ళీ పడలేదు. తడి గుడ్డ తాకే జాగాని పెంచుతుంది, అరిగిపోయిన గట్లని తిరిగి తెప్పించదు. ఎప్పుడో ఆధార్ తీయించుకున్నప్పుడు ఉన్న గీతలతో ఇప్పటి వేలిని పోల్చి చూస్తుంది ఆ మిషను. మధ్యలో గడిచిన ఏళ్ళ పని దానికి లెక్క లేదు. అలాంటివాళ్ళు ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ తీయించుకోవాలి. కంటిపాపతో చూసే మిషను ఉన్నచోట అదే అడగాలి. అదీ కుదరకపోతే కాగితం మీద రాసుకుని ఇవ్వమని అడగొచ్చు. అడుక్కోవడం అనుకోవద్దు. 2018 సెప్టెంబరులో ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా వేలిముద్ర కలవలేదన్న ఒక్క కారణంతో అర్హత ఉన్నవాళ్ళకి రావలసింది ఆపకూడదన్న మాటే చెప్పింది. ఇది డిపోలో చెప్పేటప్పుడు గొంతు పెంచాల్సిన పనిలేదు, తేదీ చెప్తే చాలు. అనుభవం మీద చెప్తున్నాం.

మాకు కోపం వచ్చేది ఒక్క మాట దగ్గర. "నీ వేలు పడట్లేదు" అంటారు. గాజు జిడ్డుగా ఉన్నా, చలికి చర్మం ఎండినా, వేలు తీసేదాకా మిషను ఆగకపోయినా, అన్నిటికీ ఆ ఒక్క మాటే. తాకడానికి రెండు పక్కలుండాలి కదా. షెల్లర్‌లో గింజ జారిపోతే మేస్త్రీ గారు గింజని తిట్టలేదు, రోలు నొక్కి చూశారు.

ట్రైబాలజీ పేపర్లో మా ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి. ఆ వెనక బెంచీ అబ్బాయి పరీక్షల ముందు మా రూంకే వచ్చి నోట్సు రాసుకున్నాడు, ఇప్పుడు మంచి ఫ్రెండు. వాళ్ళ నాయనమ్మకి కూడా పింఛను దగ్గర వేలు పడదట. ఆవిడ పొలం పనికి వెళ్ళే మనిషే. మా గ్లాసు తీసుకెళ్ళి చూపించి రెండు రోజుల తర్వాత తిరిగిచ్చాడు.

వేసవి సెలవుల్లో మా నాలుగు ఊళ్ళలోనూ పెద్దవాళ్ళందరి వేళ్ళూ ఇలా గ్లాసుకి ఆన్చి చూసి, ఎవరికి ఏ వేలు బాగుందో ఒక చిన్న చీటీ మీద రాసి, రేషను కార్డుకి అంటించి ఇద్దామనుకుంటున్నాం. ఏ నెలలో పడుతోంది, ఏ నెలలో పడటం లేదు అనేది కూడా రాసుకుంటే, పని రోజులకీ దీనికీ ఉన్న లెక్క బయటపడుతుంది. మీ ఊళ్ళోనూ ఎవరైనా చేస్తానంటే చెప్పండి, ఎలా రాసుకోవాలో మాట్లాడుకుందాం. నీళ్ళు గ్లాసు నిండా పొయ్యండి, పైనుంచి ఏటవాలుగా చూడండి, వేలు బయటి వైపు ఆన్చాలి. గాజు గ్లాసే కావాలి, స్టీలు గ్లాసులో కనపడదు.